పడమటి తోట పొద్దుబిళ్ళలు

ఓన్ ఖిన్ కళ్ళకున్న శక్తి బర్మా దేశం మొత్తంలో మరెవరి కళ్ళకీ లేదు. ఆవిడ తన తోటలో నిలబడి కంచె మీదుగా చెల్లెలి తోటకేసి ఒక్క చూపు చూసిందంటే చాలు, అక్కడ మూడు జానల లోతున, పదమూడు వందల ఏళ్ళుగా పాలమీగడలా మెరుస్తూ పడుకున్న ప్యూ రాజుల వెండి నాణేలు ఒక్కసారిగా బొగ్గుల్లా మాడిపోయాయి. అబద్ధమనుకున్నవాళ్ళు మోజా ఊళ్ళో మ్యూజియానికి వెళ్ళి గాజుపెట్టెలోకి తొంగి చూసుకోవచ్చు. నల్లగా లేని నాణెం ఒక్కటి కూడా కనబడదు. అన్నీ పడమటి తోటలో దొరికినవే. పడమటి తోట చెల్లెలు నూ యిన్‌ది.

మోజా ఊరు శ్రీక్షేత్రం అనే పాత నగరం నడినెత్తిన కూర్చుని ఉంది. ఇక్కడ వంకాయ నారు పెట్టడానికి గుంట తీసినా ఇటుక తగులుతుంది. ఆ ఇటుక మీద ఎవరో పచ్చిగా ఉన్నప్పుడే వేళ్ళతో గీసిన మూడు గీతలుంటాయి. తొలకరి వాన పడ్డ మర్నాడు పిల్లాపెద్దా అంతా నేల చూపులు చూసుకుంటూ నడుస్తారు. వాన మట్టిని కడిగేస్తే అప్పుడప్పుడూ ఒక వెండి బిళ్ళ పైకి తేలుతుంది. రూపాయంత వెడల్పు, రేకంత పలుచన. ఒకవైపు సగం లేచిన సూర్యుడు, కిరణాలు, అంచు చుట్టూ చుక్కలు. రెండోవైపు శ్రీవత్సం. మ్యూజియం వాళ్ళు దానికి పెద్ద పేరేదో పెట్టారు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం అది పొద్దుబిళ్ళ.

అక్కచెల్లెళ్ళ మధ్య అగ్గి రాజుకున్నది తండ్రి సీతాఫలాల తోటను రెండు ముక్కలు చేసిన రోజున. ఆయన నడి తోటలో వెదురు గడ పాతి, "పెద్దదానివి, ముందు నువ్వే కోరుకోవే" అన్నాడు. ఓన్ ఖిన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తూర్పు ముక్క అంది. తూర్పున నీళ్ళబావి ఉంది, ఎనభై చెట్లున్నాయి, నేల మెత్తగా వెన్నలా ఉంటుంది. పడమట ముప్పై చెట్లు. అవి కూడా ఇటుకల దిబ్బ మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక గూనిగా పెరిగిన చెట్లు. నూ యిన్ ఆ ముప్పైకే పాదులు కట్టుకుంది. ఓన్ ఖిన్ ఏడాదిపాటు ఊరంతా తిరిగి తన తెలివితేటల గురించి చెప్పుకుంది.

రెండో ఏడు తొలకరికి నూ యిన్ గూని చెట్టు మొదట్లో పొద్దుబిళ్ళ తేలింది.

మ్యూజియం అధికారి ఊ సెయిన్ లాట్ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అద్దాలు తుడుచుకుని బిళ్ళని చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు, నూ యిన్‌కి ఎర్రముద్ర వేసిన కాగితం ఇచ్చాడు. 'పడమటి తోటలో దొరికిన పురాతన నాణేన్ని ప్రజలకు సమర్పించిన నూ యిన్' అని అందులో గుండ్రటి అక్షరాలు. నూ యిన్ దాన్ని చట్రంలో పెట్టించి ముందుగదిలో, బుద్ధుడి అరకి సరిగ్గా నాలుగు వేళ్ళు కిందగా తగిలించింది. నాలుగేళ్ళకి రెండో బిళ్ళ దొరికింది, రెండో కాగితం వచ్చింది. ఆ తర్వాత మూడోది. మూడు చట్రాలు వరసగా నిలబడ్డాక ఓన్ ఖిన్ చెల్లెలింట్లో దండం పెట్టుకోవడం మానేసింది. బుద్ధుడికి మొక్కితే పక్కనున్న కాగితాలకి కూడా మొక్కినట్టవుతుందని ఆవిడ భయం.

ఆవిడ తన ఎనభై చెట్ల పాదులూ తిరగదవ్వింది. దొరికినవి: ఎద్దు నాడా ఒకటి, తెల్లదొరల కాలం నాటి సీసా, జపాను సిపాయి చొక్కా గుండీ, తండ్రి పోగొట్టుకుని మూడేళ్ళు వెతుక్కున్న పటకారు. పొద్దుబిళ్ళ మాత్రం లేదు. వేళ్ళు కదిలిన చెట్లు అలిగి ఆ ఏడు కాపు సగానికి తగ్గించాయి.

"అక్కా, కాస్త ఉప్పుందా?" అని నూ యిన్ కంచె అవతల నుంచి అడిగేది.

"వెండిగనులున్నదానివి, ఉప్పు కొనుక్కోలేవూ?"

"వెండి పులుసులో వేస్తే కరగడం లేదక్కా. ఒకసారి వేసి చూశా."

ఓన్ ఖిన్ ఉప్పు ఇచ్చేది. ఇచ్చేటప్పుడు డొప్పలో గుప్పెడు వేసి, మళ్ళీ చిటికెడు వెనక్కి తీసుకునేది.

అన్నిటికంటే ఆవిడని దహించింది పుట్టిన వారం. బర్మాలో ఎవరు ఏ వారం పుట్టారో వాళ్ళ పేరే చెబుతుంది. ఓన్ ఖిన్ ఆదివారం పిల్ల, సూర్యుడి వారం. నూ యిన్ శనివారం పిల్ల. విహారంలో పెద్ద భిక్షువు దగ్గర ఓన్ ఖిన్ ఈ అన్యాయం గురించి మొర పెట్టుకుంది.

"స్వామీ, సూర్యుడి బొమ్మున్న బిళ్ళ న్యాయంగా ఎవరికి దొరకాలి? ఆదివారం పుట్టినదానికా, శనివారం పుట్టినదానికా?"

ఆయన తమలపాకు నములుతూ, "తవ్వినవాళ్ళకి దొరకాలి తల్లీ" అన్నాడు.

"అది తవ్వనైనా తవ్వదు స్వామీ! ఊరికే నడుస్తూ ఉంటే కాలికి తగులుతాయి!"

ఆయన ఇంకో తమలపాకు తీసుకున్నాడు.

ఇరవై రెండేళ్ళు ఇలా గడిచాయి. ఓన్ ఖిన్‌కి అరవై మూడు వచ్చాయి, నూ యిన్‌కి యాభై ఎనిమిది. ఇద్దరి మొగుళ్ళూ కాలం చేశారు. కంచె రెండుసార్లు పుచ్చిపోయింది, రెండుసార్లూ కొత్త వెదురుతో కట్టారు. ఓన్ ఖిన్ కడుపులో మంటకి మాత్రం మరమ్మతు అక్కర్లేకపోయింది.

ఆ ఏడు కసోన్ పున్నమికి ఆడవాళ్ళంతా బోధివృక్షానికి నీళ్ళు పోయడానికి కుండలెత్తుకుని వెళ్ళారు. అందరూ ఒక్కో కుండ పోస్తే ఓన్ ఖిన్ మూడు కుండలు పోసింది. చివరి కుండ దించుతుండగా ఆవిడకి తన తమలపాకుల పెట్టె గుర్తొచ్చింది. ఆ పెట్టె అడుగున, ఎర్రగుడ్డలో, ఒక పొద్దుబిళ్ళ ఉంది.

అది అమ్మమ్మ కట్టింది. ఓన్ ఖిన్ కంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కకపోతే, మూడోదైనా నిలబడాలని అమ్మమ్మ ఎప్పటిదో పాత బిళ్ళకి కన్నం పొడిపించి, నల్లదారంతో పసిపిల్ల మెళ్ళో వేసింది. చెవులు కుట్టించే పండుగ దాకా ఓన్ ఖిన్ దాన్ని తీయలేదు. పళ్ళొచ్చే రోజుల్లో దాని అంచునే నమిలింది. అమ్మమ్మ వస్తువంటూ ఆవిడకి మిగిలింది అదొక్కటే. ఊళ్ళో దాని సంగతి గుర్తున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, చెల్లెలు అప్పటికి మరీ చిన్నది, గుర్తున్నవాళ్ళు ఇక ఎవరూ లేరని ఓన్ ఖిన్ లెక్క.

భూమి ఇవ్వకపోతే భూమికి తనే ఇచ్చి, మళ్ళీ తనే పుచ్చుకుంటే తప్పేమిటి? కన్నం ఉంటే ఉంది. రాజుల కాలంలో మెడలు లేవా, దారాలు లేవా? తూర్పు తోటలో దొరికిందని నలుగురూ చూడాలి, ఊ సెయిన్ లాట్ వచ్చి కాగితం రాయాలి. బిళ్ళ గాజుపెట్టెలోకి పోతుందే అన్న బాధ కలిగింది. కానీ ఆ వెంటనే తన ఇంటి గోడ మీద చట్రం కళ్ళ ముందు కదిలింది. 'తూర్పు తోట, ఓన్ ఖిన్.'

మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ ఆవిడ స్టేషన్‌కి పోయే దారి పక్కనున్న చెట్టు మొదట్లో కూర్చుని, చూపుడువేలు లోతున బిళ్ళని పాతిపెట్టింది. ఎక్కువ లోతైతే వాన పైకి తేలదు, తక్కువైతే కోళ్ళు గీరిపారేస్తాయి. దారిన పోయేవాడెవడో ముందుగా చూసి, "ఓన్ ఖిన్ తోటలో పొద్దుబిళ్ళ!" అని కేక పెట్టాలి. తను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎక్కడ? ఏం బిళ్ళ?" అనాలి. ఆ మాట అద్దం ముందు నాలుగు రకాలుగా అని చూసుకుంది కూడా. కాకపోతే దారి పక్కనున్నదని ఆ చెట్టుని ఎంచుకుందేగాని, అది కంచె పక్కన కూడా ఉందనీ, అక్కడ నేల పడమటికి వాలి ఉంటుందనీ పట్టించుకోలేదు. నలభై ఏళ్ళు ఆ నేల మీద నీళ్ళు పారించిన మనిషి చేసిన పొరపాటు అది.

వాన రాలేదు. పది రోజులు పెళ్ళికొడుకు కోసం చూసినట్టు ఆకాశంకేసి చూసింది. పదకొండో రోజు మధ్యాహ్నం వచ్చింది. అలాంటి ఇలాంటి వాన కాదు. ఐరావతి నది లేచి నిలబడి నడుచుకుంటూ మోజా దాకా వచ్చిందన్నారు. బోబోజీ స్తూపం తల మీద కప్పలు కూర్చున్నాయన్నారు. కంచె పక్కన గట్టు తెగింది. తూర్పు తోట మట్టి, ఆకులు, పుల్లలు, పటకారుతో సహా, వెదురు సందుల్లోంచి పడమటి తోటలోకి పోయాయి.

పొద్దున్నే కేక వినబడింది. అనుకున్న కేకే. కానీ రావలసిన వైపు నుంచి రాలేదు.

"అక్కా! ఓ అక్కా! మళ్ళీ తేలిందే!"

ఓన్ ఖిన్ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎక్కడ? ఏం బిళ్ళ?" అంది. అద్దం ముందు అన్న నాలుగు రకాల్లో ఒక్కటీ కాదది. ఐదో రకం.

నూ యిన్ అరచేతిలో బురద కడిగిన బిళ్ళ. నల్లటి సూర్యుడు. పక్కన కన్నం.

"చూశావా, ఈసారి భూమితల్లి దారం కట్టుకోవడానికి బెజ్జం కూడా పెట్టి పంపించింది" అంది నూ యిన్, అక్క మొహంలోకి చూస్తూ. "ఎంత ముందుచూపో!"

"బాగుంది" అంది ఓన్ ఖిన్.

"నాలుగో కాగితం ఎక్కడ తగిలించమంటావు?"

"నీ నుదుటి మీద తగిలించుకో" అని ఓన్ ఖిన్ లోపలికి పోయింది. పోయి పీట మీద కూలబడింది. బిళ్ళ నాదంటే, నీది అక్కడికెలా వచ్చిందంటారు. పాతిపెట్టానంటే, ఎందుకంటారు. ఎందుకో చెబితే ప్యే పట్నం దాకా నవ్వుతారు. చెప్పకపోతే అమ్మమ్మ బిళ్ళ చెల్లెలి పేరు మీద గాజుపెట్టెలో కూర్చుంటుంది. నోరు మూసుకుంటే బిళ్ళ పోతుంది, తెరిస్తే పరువు పోతుంది. ఆవిడ నోరు మూసుకుంది.

ఊ సెయిన్ లాట్ రంగూన్ వెళ్ళాడు, నెల్లాళ్ళకి గానీ రాడు. ఆ నెల్లాళ్ళూ నూ యిన్ బిళ్ళని నల్లదారంతో మెళ్ళో వేసుకు తిరిగింది. బజారుకి వేసుకెళ్ళింది, విహారానికి వేసుకెళ్ళింది, స్టేషన్ దగ్గర పంపుకి నీళ్ళకి కూడా వేసుకెళ్ళింది. చేపల పులుసు తాగుతూ వంగినప్పుడల్లా బిళ్ళ గిన్నె అంచుకి తగిలి టింగుమనేది. ఆ టింగు ఊళ్ళో ఎవరికీ వినబడలేదు. ఓన్ ఖిన్‌కి రెండు వీధుల అవతల్నుంచి వినబడింది.

"నీకేం పిన్నీ, నడుస్తుంటే వెండి పుడుతోంది" అని బజార్లో ఆడవాళ్ళు నూ యిన్‌ని మెచ్చుకునేవారు. ఓన్ ఖిన్‌ని చూసి, "నీ తోటలో ఏమైనా దొరికిందా పెద్దమ్మా?" అని అడిగేవారు.

"దొరికింది. జలుబు."

ఆవిడకి అన్నం సయించలేదు. రోజూ ఇష్టంగా నమిలే ఊరబెట్టిన తేయాకు ముద్ద నాలుక మీద గడ్డిలా ఉంది. చెల్లెలు నల్లదారాన్ని ఎలా ముడి వేసిందో చూసింది. అమ్మమ్మ వేసినట్టే, రెండు ముళ్ళు వేసి కొస లోపలికి దోపింది. ఆ ముడిని మాత్రం ఆవిడ సహించలేకపోయింది. బిళ్ళ తీసుకుంటే తీసుకుంది, ముడి కూడా తీసుకోవాలా?

వాసో నెలలో ఒక ఆదివారం ఊ సెయిన్ లాట్ వచ్చాడు. నూ యిన్ వాకిట్లో చాప వేసింది, పళ్ళెంలో తేయాకు, వేయించిన శనగలు, నువ్వులు పెట్టింది. ఇరుగుపొరుగు పదిమంది చేరారు. ఓన్ ఖిన్ రాకూడదనుకుంది. పిలవకముందే వచ్చి గుంజకి ఆనుకుని నిలబడింది.

ఊ సెయిన్ లాట్ కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం తెరిచాడు.

"ఎక్కడ దొరికిందమ్మా?"

"కంచె పక్కన."

"ఎంత లోతున?"

"లోతేం లేదు బాబూ, వరదలో వచ్చి కూర్చుంది."

ఆయన బిళ్ళని వెలుతురులో తిప్పాడు. భూతద్దం తీశాడు. మొహం వెలిగిపోయింది. "ఇది మామూలు బిళ్ళ కాదు. కన్నం చూడండి, ఎంత నున్నగా అరిగిపోయిందో. ఎవరో ఏళ్ళ తరబడి మెళ్ళో వేసుకున్నారు. ఇదిగో, అంచు మీద పంటిగాట్లు! పసిపిల్ల పళ్ళు! ఆ కాలంలో ఇంత వెండిని పిల్ల మెళ్ళో వేయగలిగింది ఎవరు? నన్నడిగితే, ఏ రాకుమారిదో!"

"రాకుమారి!" అన్నారు పదిమందీ.

"శ్రీక్షేత్రం రాకుమారి కంఠాభరణం" అంటూ ఊ సెయిన్ లాట్ కలం మూత తీశాడు. "పడమటి తోట. సమర్పించినవారు, నూ..."

"ఏ రాకుమారీ లేదు, ఏ వంకాయా లేదు!" ఓన్ ఖిన్ గుంజ వదిలేసి ముందుకొచ్చింది. "ఆ పళ్ళు నావి!"

వాకిలంతా ఆవిడ నోటికేసి చూసింది. అందులో ఇప్పుడు ఐదో ఆరో ఉన్నాయి.

"పళ్ళొచ్చేటప్పుడు నేనే నమిలాను. మా అమ్మమ్మ కట్టింది నాకు. అది నాది."

"మీదైతే," అన్నాడు ఊ సెయిన్ లాట్ మెల్లిగా, "వీళ్ళ తోటలోకి ఎలా వెళ్ళిందమ్మా?"

శనగలు నములుతున్నవాళ్ళు నమలడం ఆపేశారు. ఓన్ ఖిన్ చెల్లెలికేసి చూసింది, ముందుగదిలో కనబడుతున్న మూడు చట్రాలకేసి చూసింది, ఆయన చేతిలో నల్లటి సూర్యుడికేసి చూసింది.

"నేనే పాతిపెట్టాను. నా తోటలో. దొరకాలని. గట్టు తెగి ఇటొచ్చింది."

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత వాకిలి మొత్తం నవ్వుతో పగిలింది. ఒకడు చాప మీద దొర్లాడు. "వెండి మొలుస్తుందనుకున్నావా పెద్దమ్మా? ఎరువేమైనా వేశావా?" అన్నాడు. ఓన్ ఖిన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ బిళ్ళ కోసం చెయ్యి చాపింది. నవ్వనిది నూ యిన్ ఒక్కతే.

"నాకు తెలుసు" అందామె.

"ఏం తెలుసు?"

"బురదలోంచి తీసిన రోజే తెలుసు. ఆరేళ్ళప్పుడు ఆ బిళ్ళ కోసం మూడు రోజులు అన్నం మానేస్తే, నాన్న పెంకుముక్కకి బెజ్జం పెట్టి నా మెళ్ళో కట్టాడు. నువ్వు రాకుమారిలా బిళ్ళ వేసుకు తిరిగేదానివి, నేను కుండపెంకు వేసుకు తిరిగేదాన్ని. దాని అంచు ఎక్కడ నొక్కుకుపోయిందో నిద్దట్లో అడిగినా చెబుతాను."

"మరి నెల రోజులూ ఎందుకే వేసుకు తిరిగావు?"

"నువ్వు నోరు తెరిచి అడుగుతావేమోనని చూశాను. అడగలేదు. సరే, అడిగేదాకా వేసుకుందామనుకున్నా. యాభై రెండేళ్ళు ఆగినదాన్ని, నెల్లాళ్ళు మెళ్ళో వేసుకుంటే తప్పా?"

ఊ సెయిన్ లాట్ కలానికి మూత పెట్టేశాడు. "ఇంట్లో వస్తువు ఇంట్లో వాళ్ళకే దొరికితే నేను రాయడానికేం లేదమ్మా" అని, రాకుమారిని తలుచుకుని ఒక నిట్టూర్పు విడిచి, బిళ్ళని ఓన్ ఖిన్ చేతిలో పెట్టాడు. నాలుగో కాగితం ఎవరికీ రాలేదు.

ఆ తర్వాతే అసలు వింత జరిగింది. నవ్వు ఊళ్ళో ఆగలేదు. రైలెక్కి ఒకవైపు ప్యే దాకా, రెండోవైపు రంగూన్ దాకా పోయింది. సీతాఫలాల కాలం వచ్చేసరికి రైలు మోజా స్టేషన్‌లో ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తలలు బయటికొచ్చేవి. "వెండి నాటిన పెద్దమ్మ ఎవరు? ఆ బిళ్ళ ఏదీ, చూపించు!" అనేవారు. ఓన్ ఖిన్ మొదటి రోజు సిగ్గుతో బుట్ట వెనక దాక్కుంది. రెండో రోజు తలెత్తింది. మూడో రోజుకి రెండు ముళ్ళు వేసి, కొస లోపలికి దోపి, బిళ్ళ మెళ్ళో వేసుకు వచ్చింది. చూసినవాళ్ళు చూసి ఊరుకుంటే బాగుండదని ఒక్కో బుట్ట కొనుక్కున్నారు. గార్డు జెండా ఊపడం మర్చిపోయి రైలుని అరగంట ఆపేశాడన్నారు. ఓన్ ఖిన్ తోట ఆ ఏడు నలభై బుట్టలు కాసిందనీ, ఒక్కటి కూడా ఇంటికి తిరిగి రాలేదనీ అన్నారు.

పక్కనే తన బుట్టలతో నిలబడ్డ నూ యిన్, "నిజంగా దొరికిన బిళ్ళలు మూడు తీసి ఇచ్చాను, మూడు కాగితాలు గోడకున్నాయి. ఒక్కడైనా నా పేరడిగాడా?" అని ఎవరితోనో అంటోంది. ఆమె కళ్ళు అక్క మెడ మీదున్నాయి.

ఊళ్ళో చెప్పుకునే ఈ కథ ఇంతవరకూ విని, కాయల్లో మగ్గినవి వేరు చేస్తూనే ఓన్ ఖిన్ చెప్పింది: "వెండి మట్టిలో ఉంటే నల్లబడుతుంది, దానికి నా కళ్ళు అక్కర్లేదు. రైలు ఆగింది ఎప్పట్లా రెండు నిమిషాలే. బుట్టలు నలభై కాదు, ఇరవై రెండు. నూ యిన్‌వి ఇరవై మూడు."